ముక్కు బాగుపడితే ఉబ్బసం అదుపులోకి వస్తుందా? ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నేపథ్యంలో ఒక సమీక్ష

ఇన్‌హేలర్ క్రమం తప్పకుండా వాడుతున్నా ఆయాసం తగ్గని రోగిని చూసేటప్పుడు డాక్టర్లు ఇవాళ ముక్కు సంగతి కూడా అడుగుతున్నారు. పొద్దున లేవగానే వరుస తుమ్ములు వస్తున్నాయా, రాత్రిళ్ళు ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీలుస్తున్నారా, వాసన తెలుస్తోందా, గొంతులోకి కళ్ళె జారుతోందా అని ఆరా తీస్తున్నారు. ఒకప్పుడు ఈ ప్రశ్నలు చెవి-ముక్కు-గొంతు డాక్టరు గదిలోనే వినిపించేవి. ఛాతీ డాక్టరు ఛాతీ వరకే చూసేవారు.

ఈ మార్పు వెనక సుమారు నూట యాభై ఏళ్ళ వాదం ఉంది. ఉబ్బసానికి మూలం ముక్కులోనే ఉందని, అక్కడ బాగుచేస్తే ఇక్కడ బాగవుతుందని ఒక పక్షం అంది. రెండూ వేరు వేరు జబ్బులని, ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ఇంకో పక్షం. ముక్కు రంధ్రం నుంచి ఊపిరితిత్తుల చివరి గొట్టం దాకా ఉన్నది ఒకే శ్వాసమార్గమని, జబ్బు కూడా ఒకటేనని మూడో పక్షం. ముగ్గురి దగ్గరా ఆధారాలు ఉన్నాయి. అందుకే సామాన్య రోగికి చేరేసరికి మాట చిక్కుపడింది. ఒకరు సైనస్ ఆపరేషన్ చేయించుకుంటే ఆయాసం పోతుందంటారు, ఇంకొకరు ముక్కును పట్టించుకోనక్కరలేదంటారు. ఆ చిక్కును విడదీసి చూడడం ఈ వ్యాసం పని.

ఈ నేల మీద ఈ ప్రశ్న

నెల్లూరు జిల్లా పడమటి భాగం మెట్టసీమ. ఉదయగిరి దుర్గం చుట్టూ వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం మండలాల్లో వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు నీళ్ళే ఆధారం. ఆత్మకూరు, అనంతసాగరం, సంగం వైపు వస్తే సోమశిల నుంచి వచ్చే పెన్నా నీళ్ళతో వరి పండుతుంది. ఈ రెండు భాగాలకూ ముక్కును, ఊపిరిని గాసి పెట్టే పనులు తమ తమ తీరులో ఉన్నాయి.

మొదట చెప్పుకోవలసింది పొగాకు. కలిగిరిలోను, మర్రిపాడు మండలం డీసీపల్లిలోను పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయంటే చుట్టుపక్కల ఎంత పండుతుందో తెలుస్తుంది. ఇక్కడ పండే వర్జీనియా పొగాకును బ్యారన్లలో కట్టెలు మండించి రోజుల తరబడి వేడి పట్టించాలి. ఆకు కాల్చే వేళ బ్యారన్ దగ్గర రాత్రింబవళ్ళు కాపలా ఉండే మనిషి కట్టెపొగ పీలుస్తాడు. తర్వాత ఆకు విడదీసి గ్రేడు చేసే ఆడవాళ్ళు పొగాకు దుమ్ము పీలుస్తారు. ఉదయగిరి పేరును దేశమంతా తెలిపిన కర్రగరిటెలు, స్పూన్లు, ఫోర్కుల పని రెండోది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో కర్రను కోయడం, చెక్కడం, అరగదీయడం, నునుపు చేయడం ప్రతి దశలోనూ సన్నని పొడి లేస్తుంది. ఆ పని చాలామటుకు ఇంట్లోనే, పిల్లలు తిరిగే చోటే సాగుతుంది. ఇక ఆత్మకూరు వైపు వరికోతల దుమ్ము, ఊక, గడ్డి తగలబెట్టిన పొగ ఉంటాయి. బీడు భూముల్లో సర్కారు తుమ్మ, రోడ్ల పక్కన వయ్యారిభామ అంతటా ఉన్నాయి. రెండింటి పుప్పొడీ అలర్జీ కలిగిస్తుందని మన దేశపు పరిశోధకులు తేల్చారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీరామారావు, సుబ్బారావులు 1991లో ప్రచురించిన పరిశీలనలో ముక్కు అలర్జీ రోగుల్లో 34 శాతం మందికి, ఉబ్బసం రోగుల్లో 12 శాతం మందికి వయ్యారిభామ పుప్పొడి చర్మపరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుంచుకోవాలి. ఒకే గాలి పీల్చినా ముందు దెబ్బ తినేది ముక్కే.

దేశం మొత్తం మీద లెక్కలు ఇంతకన్నా బరువైనవి. 12 కేంద్రాల్లో 1,69,575 మందిని పరిశీలించి 2012లో ఫలితాలు వెలువరించిన జాతీయ సర్వే 15 ఏళ్ళు పైబడినవారిలో ఉబ్బసం 2.05 శాతమని తేల్చింది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మన వాటా సుమారు 13 శాతం. మరణాల్లో మాత్రం నలభై శాతానికి పైగా మనవే. జబ్బు గుర్తించడంలో, రోజూ వాడవలసిన స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఇవ్వడంలో మనం వెనకబడ్డామని ఈ తేడా చెబుతోంది. మన దేశంలో జరిగిన సర్వేల్లో ఉబ్బసం రోగుల్లో మూడింట రెండు వంతుల దాకా అలర్జీ ముక్కు జబ్బు కూడా కనిపించింది. అటునుంచి చూస్తే, ముక్కు అలర్జీ ఉన్నవారిలో ఉబ్బసం వచ్చేది పది నుంచి నలభై శాతం మందికి. ముక్కు జబ్బు ఉన్న ప్రతివారికీ ఉబ్బసం రాదు. ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి ముక్కు జబ్బు ఉంటుంది.

వాదం నడిచిన దారి

ముక్కుకూ ఆయాసానికీ సంబంధం పెట్టినవారిలో మన పాత వైద్యులు ముందున్నారు. చరకసంహిత చికిత్సాస్థానంలో తమక శ్వాసను వర్ణించేటప్పుడు, వాయువు ఎదురు తిరిగి కఫాన్ని కదిలించి ముందు పీనసాన్ని, అంటే పడిశాన్ని, దాని వెంట గురగురలాడే ఊపిరిని కలిగిస్తుందని ఉంది. ఆ క్రమాన్ని వాళ్ళు రోగిని చూసి రాశారు. కారణాలు చెప్పిన భాష వేరైనా, పడిశం ముందు, ఆయాసం వెనక అన్న పరిశీలన ఈనాటి పిల్లల డాక్టరు చెప్పేదే.

మన ప్రాంతం ఈ చరిత్రలో ఇంకో చోట కూడా కనిపిస్తుంది. ఎండిన ఉమ్మెత్త ఆకును కాల్చి పొగ పీల్చడం ఈ దేశంలో ఆయాసానికి పాత మందు. మద్రాసులో అది చూసిన జనరల్ జెంట్ 1802లో దాన్ని బ్రిటన్‌కు పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత శతాబ్దం పైచిలుకు యూరప్‌లో ఉమ్మెత్త సిగరెట్లు ఉబ్బసానికి మందుగా అమ్ముడుపోయాయి. ఇవాళ నెబ్యులైజర్‌లో వేసే ఇప్రాట్రోపియం ఆ జాతి మందే. పొగరూపంలో ఉమ్మెత్తను ఇప్పుడు ఎవరూ వాడకూడదు. విషం మోతాదుకూ మందు మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ, పొగే ఊపిరికి శత్రువు.

ఆధునిక వైద్యంలో వాదం మొదలైంది జర్మనీలో. 1871లో వోల్టొలీని అనే వైద్యుడు ముక్కులో పెరిగిన కండలను, అంటే పాలిప్స్‌ను, తీసేశాక ఉబ్బసం తగ్గిందని రాశాడు. అక్కడి నుంచి ముక్కు-ఊపిరి మధ్య నరాల బంధం ఉందన్న సిద్ధాంతం బలపడింది. 1919లో అమెరికాకు చెందిన స్లడర్ ఉబ్బసాన్ని ముక్కు నుంచి పుట్టే ప్రతిచర్యగానే వర్ణించాడు. ఈ నమ్మకం మీద ముక్కు, సైనస్ ఆపరేషన్లు విరివిగా జరిగాయి. కొంతమందికి తగ్గింది, కొంతమందికి ఆపరేషన్ తర్వాత ఆయాసం పెరిగింది. ఆ చేదు అనుభవంతో తర్వాతి తరం డాక్టర్లు ముక్కునే వదిలేశారు. ఒక పక్షం మితిమీరి నమ్మినందుకు, తర్వాతి పక్షం మితిమీరి వదిలేసింది.

ఆ తికమకకు అసలు కారణం 1922లోనే బయటపడింది, కాని చాలాకాలం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఫ్రాన్సులో విడాల్, ఆయన సహచరులు ఆస్పిరిన్ పడకపోవడం, ముక్కులో పాలిప్స్, ఉబ్బసం అన్న మూడూ కలిసి ఉన్న రోగిని వర్ణించారు. 1968లో శామ్టర్, బియర్స్ ఆ మూడింటి కూటమిని మళ్ళీ వైద్యలోకానికి గుర్తు చేసి దానికి పేరు నిలబెట్టారు. పాలిప్స్ ఉన్న ఉబ్బసం, మామూలు అలర్జీ ముక్కుతో వచ్చే ఉబ్బసం ఒకటి కావని అప్పటికి స్పష్టమైంది.

1984లో రేషలెఫ్‌స్కీ బృందం దీర్ఘకాలం సైనస్ ఇన్‌ఫెక్షన్‌తో, ఊపిరి పిల్లికూతలతో ఉన్న 48 మంది పిల్లలకు సైనస్ వైద్యం చేసింది. వారిలో 79 శాతం మంది ఊపిరిగొట్టాలను వదులు చేసే మందులను మానగలిగారు. ఈ ఫలితం ఎంతో ఉత్సాహం కలిగించింది, అయితే ఆ పరిశీలనలో మందు ఇవ్వని పోలిక బృందం లేదు. పిల్లల ఉబ్బసం కాలంతో పాటు తానే ఎగుడుదిగుడుగా నడుస్తుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో జరిగిన సమావేశం నుంచి ముక్కు అలర్జీ, ఉబ్బసాల మీద ఏరియా (ARIA) మార్గదర్శకాలు పుట్టాయి, 2001లో అచ్చయ్యాయి. ముక్కు అలర్జీ ఉన్న ప్రతి రోగినీ ఉబ్బసం కోసం, ఉబ్బసం ఉన్న ప్రతి రోగినీ ముక్కు కోసం పరీక్షించాలని అవి చెప్పాయి. 'ఒకే శ్వాసమార్గం, ఒకే జబ్బు' అన్న మాట అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది.

ముక్కు నుంచి ఊపిరికి ఏ దారి?

ముక్కు చేసే పని మూడు రకాలు: గాలిని వడకట్టడం, వెచ్చబెట్టడం, తడి చేయడం. ముక్కు మూసుకుంటే నోటితో పీల్చిన పొడి, చల్లటి, దుమ్ముతో నిండిన గాలి నేరుగా ఊపిరిగొట్టాలను తాకుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు పరుగెత్తేటప్పుడు ముక్కుతో గాలి పీలిస్తే ఊపిరి బిగుసుకోవడం బాగా తగ్గుతుందని 1978లో ప్రయోగం ద్వారా చూపారు. ఇది అన్నింటిలోకి తేలికగా అర్థమయ్యే దారి, ఆధారం ఉన్న దారి.

గొంతులోకి జారే కళ్ళె ఊపిరిలోకి దిగి ఉబ్బసం తెస్తుందన్నది జనంలో బలంగా ఉన్న నమ్మకం. 1990లో బార్డిన్ బృందం సైనస్‌లో రేడియోధార్మిక పదార్థం ఉంచి అది ఎక్కడికి పోతుందో చూసింది. కడుపులోకి పోయింది, ఊపిరితిత్తుల్లో కనబడలేదు. అంటే మెలకువగా ఉన్న మనిషిలో కళ్ళె నేరుగా ఊపిరిలోకి దిగడం జరగదు. గొంతును గీకి దగ్గు తెప్పించడం మాత్రం నిజమే.

అన్నిటికన్నా బలమైన దారి రక్తం ద్వారా సాగేది. నెదర్లాండ్స్‌లో బ్రౌన్‌స్టాల్ బృందం 2000 ప్రాంతంలో రెండు ప్రయోగాలు చేసింది. ముక్కు అలర్జీ మాత్రమే ఉన్నవారి ఊపిరితిత్తుల్లో ఒక చిన్న భాగంలో అలర్జీ పదార్థం వేస్తే ముక్కులో వాపు కనిపించింది. ముక్కులో వేస్తే ఊపిరిగొట్టాల్లో వాపు కణాలు పెరిగాయి. దారి రెండు వైపులా తెరిచి ఉంది. రెండు చోట్లకూ ఆ కణాలను పంపేది ఎముక మజ్జ. ముక్కు తలుపు అయితే ఊపిరి లోపలి గది, ఈ రెండింటికీ కాపలా ఒకటే అని ఈ ప్రయోగాలు చూపాయి.

వైద్యం ఏం చెప్పింది?

ఇక్కడే వాదం అసలు పదును తేలుతుంది. జబ్బు ఒకటే అయితే ముక్కులో స్టిరాయిడ్ స్ప్రే వేస్తే ఉబ్బసం కూడా అదుపు కావాలి. అలా అవుతోందా?

రోగుల రికార్డులు పరిశీలించినవారు ఔననే చెప్పారు. 2002లో అమెరికాలో రెండు పెద్ద పరిశీలనలు ముక్కు స్ప్రే వాడేవారు ఉబ్బసంతో అత్యవసర విభాగానికి వెళ్ళడం తక్కువని చూపాయి. కాని స్ప్రే శ్రద్ధగా వాడే మనిషి ఇన్‌హేలర్ కూడా శ్రద్ధగా వాడతాడు, డాక్టరు దగ్గరికి కూడా సకాలంలో పోతాడు. ఆ శ్రద్ధ ఫలితాన్ని స్ప్రే ఖాతాలో వేయకూడదు.

చీటీ వేసి రోగులను రెండు జట్లుగా విడదీసిన పరీక్షలు ఇంతకన్నా నిక్కచ్చిగా మాట్లాడాయి. 2003లో కాక్రేన్ సంస్థ 14 పరీక్షలను కలిపి చూసి, ముక్కు స్ప్రే వల్ల ఉబ్బసంలో లెక్కించదగ్గ మేలు కనబడలేదని చెప్పింది. 2013లో లోహియా బృందం 18 పరీక్షలను చూసి, ఇన్‌హేలర్ స్టిరాయిడ్ వాడనివారిలో ముక్కు స్ప్రే ఉబ్బసం లక్షణాలను కొంత తగ్గిస్తుందని, ఇప్పటికే ఇన్‌హేలర్ స్టిరాయిడ్ వాడేవారిలో అదనపు మేలు దాదాపు లేదని తేల్చింది. ఈ రెండు ఫలితాలూ పరస్పరం విరుద్ధమైనవిగా చాలామంది చదువుతారు. నిజానికి రెండూ ఒకే బొమ్మలోని రెండు ముక్కలు. ఊపిరిలో వాపు ఇన్‌హేలర్‌తో అణిగితే, ముక్కు నుంచి వచ్చే ఒత్తిడికి అక్కడ అంటుకునేది ఏమీ మిగలదు.

2015లో ప్రచురితమైన స్టాన్ పరీక్ష ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది. ఉబ్బసం అదుపులో లేనివారిలో, ముక్కు-సైనస్ జబ్బు ఉన్న 237 మంది పెద్దలను, 151 మంది పిల్లలను తీసుకుని, సగం మందికి మోమెటాసోన్ ముక్కు స్ప్రే, మిగతావారికి ఉత్తుత్తి స్ప్రే 24 వారాలు ఇచ్చారు. పిల్లల్లో ఉబ్బసం అదుపులో తేడా రాలేదు. పెద్దల్లో ఉబ్బసం లక్షణాలు కొద్దిగా తగ్గినా, అదుపు కొలబద్ద మీద తేడా లేదు. ఈ ఒక్క పరీక్షతో 'ఒకే జబ్బు' సిద్ధాంతం కూలిపోయిందని కొందరు అన్నారు. ఆ మాట తొందరపాటు. స్టాన్ చెప్పేది ఒకటే: అందరినీ ఒకే గాట కట్టి స్ప్రే ఇస్తే సగటు రోగిలో ఉబ్బసం మారదు.

ఇక ఆపరేషన్ల సంగతి. సైనస్ ఎండోస్కోపీ ఆపరేషన్ల ఫలితాలను కలిపి 2013లో వశిష్ఠ బృందం ఇచ్చిన విశ్లేషణలో 76 శాతం మంది ఉబ్బసం అదుపు మెరుగైందని చెప్పారు, 85 శాతం మందికి ఆయాసం ఎత్తుకునే సందర్భాలు తగ్గాయి. ఊపిరి బలం కొలిచే పరీక్షలో మాత్రం మార్పు లేదు. రోగి తేలికపడ్డాడు, ఊపిరి కొలత మారలేదు. నిద్ర మెరుగుపడడం, దగ్గు తగ్గడం, ముక్కుతో గాలి పీల్చగలగడం ఆ తేలికలో భాగం కావచ్చు. 2006లో బ్రిటన్‌లో మందులను, ఆపరేషన్‌ను పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షలో ఉబ్బసం విషయంలో మందులే కాస్త మెరుగనిపించాయి. ముక్కు దూలం వంకర సరిచేసినంత మాత్రాన ఉబ్బసం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ మాట చెప్పి ఆపరేషన్‌కు తొందరపెట్టేవారి దగ్గర రోగి రెండో అభిప్రాయం తీసుకోవడం మేలు.

ముక్కు జబ్బు ఒకటి కాదు

ఇంతకాలం జరిగిన వాదంలో పెద్ద పొరపాటు నా దృష్టిలో ఇదే: 'ముక్కు' అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేరు వేరు జబ్బులను పోగేయడం. అలర్జీ ముక్కు వేరు, పాలిప్స్ వేరు, ఫంగస్ సైనస్ వేరు, పనిలో పీల్చే పొడి తెచ్చిన ముక్కు జబ్బు వేరు. ఊపిరి మీద వీటి ప్రభావమూ వేరే.

అలర్జీ ముక్కు అన్నిటికన్నా ఎక్కువమందిలో ఉండేది, ఉబ్బసం మీద ప్రభావం తక్కువ నుంచి మధ్యరకం. పాలిప్స్ ఉన్నవారు కొద్దిమందే, కాని వారి ఉబ్బసం మొండిది, తరచు పెద్దవయసులో మొదలవుతుంది, వాసన పోవడం దాని గుర్తు. వీరిలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు పడవు. ఉబ్బసం ఉన్న పెద్దల్లో సుమారు 7 శాతం మందికి ఈ గొడవ ఉంటుంది. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షను వేయించుకోవడం మామూలైన పల్లెల్లో ఈ అంకె ప్రాణం మీదికి తెచ్చేది. నొప్పి సూది వేసేముందు ఆరెంపీ అయినా, నర్సు అయినా వాసన తెలుస్తోందా, ముక్కు మూసుకుపోతోందా, ఆయాసం ఉందా అన్న మూడు ప్రశ్నలూ అడగాలి. పారాసెటమాల్ సాధారణ మోతాదులో చాలామందికి ఇబ్బంది కలిగించదు.

ఫంగస్ వల్ల వచ్చే సైనస్ జబ్బు మన దేశంలో తక్కువేమీ కాదు. ఊపిరిలో ఆస్పర్జిల్లస్ ఫంగస్ మీద అలర్జీ ఏర్పడి ఉబ్బసాన్ని ముదరబెట్టే జబ్బు మీద చండీగఢ్ పీజీఐలో రితేశ్ అగర్వాల్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. దాన్ని టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చిన సందర్భాలు మన దేశపు వైద్య పత్రికల్లో పదేపదే వచ్చాయి. ఈశాన్య రుతుపవనాల వాన పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు నెల్లూరు జిల్లా ఇళ్ళలో, గడ్డివాముల్లో బూజు పెరిగే కాలం. కళ్ళెలో గోధుమరంగు ముద్దలు పడేవారిని, టీబీ పరీక్ష నెగటివ్ వచ్చినా ఎక్స్‌రేలో మచ్చలున్నవారిని ఈ కోణంలో చూడాలి.

ఉదయగిరికి అన్నిటికన్నా దగ్గరిది పనిలో వచ్చే ముక్కు జబ్బు. కర్రపొడి, ధాన్యం దుమ్ము, పొగాకు దుమ్ము పీల్చేవారికి ముందు తుమ్ములు, ముక్కు కారడం, ముక్కు దిబ్బడ వస్తాయి, కొన్ని నెలలకో, ఏళ్ళకో కొందరికి ఉబ్బసం తోడవుతుంది. పనిలో వచ్చే ముక్కు జబ్బు పనిలో వచ్చే ఉబ్బసానికి ముందు నడుస్తుందన్నది ఈ శాస్త్రంలో గట్టిగా నిలిచిన సంగతుల్లో ఒకటి. కర్రపొడి ముక్కు క్యాన్సర్‌కు కూడా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ధారించింది. కాబట్టి గరిటెలు చెక్కేవారికి ముక్కు లక్షణం చిన్న ఇబ్బంది కాదు, హెచ్చరిక. ఇక్కడ స్ప్రే కన్నా పొడిని తగ్గించడమే వైద్యం: తడిగుడ్డతో తుడవడం, ఊడ్చకుండా ఎత్తడం, గాలి ఆడే చావడిలో పని, పొడి పీల్చే యంత్రం, ముఖానికి సరిగ్గా అమరే మాస్కు. కళకు భౌగోళిక గుర్తింపు తెచ్చిన ప్రభుత్వం, దాన్ని మార్కెట్ చేసే సంస్థలు కళాకారుల ముక్కును కూడా తమ బాధ్యతగా తీసుకోవాలి.

నివారణ, కొత్త మందులు

చిన్నతనంలో ముక్కు అలర్జీకి ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం, ఇస్తే ఉబ్బసం రాకుండా ఆగుతుందా అన్నది అన్నిటికన్నా ఆశ రేపిన ప్రశ్న. యూరప్‌లో జరిగిన పాట్ పరిశీలనలో మూడేళ్ళ వైద్యం పొందిన పిల్లల్లో ఉబ్బసం రావడం తగ్గింది, ఆ మేలు పదేళ్ళ నాటికీ నిలిచింది. ఆ తర్వాత ఇంకా పెద్దగా, 812 మంది పిల్లల్లో నడిపి 2018లో వెలువడిన గ్యాప్ పరీక్షలో మాత్రం ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు, కాని ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం తగ్గాయి. పైగా ఆ రెండూ గడ్డి, చెట్ల పుప్పొడి మీద జరిగినవి. మన ఇళ్ళలో ఎక్కువమందికి అలర్జీ కలిగించేవి దుమ్ములో, పరుపుల్లో, పాత దిండ్లలో ఉండే చిన్న పురుగులు. పుప్పొడి మీద వచ్చిన ఫలితాన్ని ఆ పురుగుల మీదికి యథాతథంగా తేవడం కుదరదు.

2019 నుంచి డూపిలుమాబ్, 2021లో మెపోలిజుమాబ్ వంటి సూదిమందులు పాలిప్స్‌నూ, మొండి ఉబ్బసాన్నీ ఒకేసారి అణచగలవని పెద్ద పరీక్షల్లో తేలింది. 'ఒకే జబ్బు' సిద్ధాంతానికి ఇంతకన్నా బలమైన మద్దతు మరొకటి లేదు: ఒకే అణువును అడ్డుకుంటే ముక్కూ, ఊపిరీ రెండూ తేరుకున్నాయి. అయితే ఇది పాలిప్స్ జాతి జబ్బుకే. ఆ సూదుల ఖరీదు మెట్ట రైతు కుటుంబానికి ఇవాళ అందేది కాదు.

మోంటెలుకాస్ట్ మన మందుల దుకాణాల్లో లెవోసెట్రిజిన్‌తో కలిపి విరివిగా అమ్ముడవుతోంది. అది ముక్కుకూ, ఉబ్బసానికీ కొంత పనిచేస్తుంది, కాని రెండింటిలోనూ స్టిరాయిడ్ స్ప్రే, ఇన్‌హేలర్‌లకన్నా బలహీనం. నిద్రపట్టకపోవడం, పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం గురించి 2020 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ దానిపై గట్టి హెచ్చరిక పెట్టించింది. పిల్లవాడికి ఏడాది పొడవునా ఈ మాత్ర వేసే తల్లిదండ్రులు ఆ సంగతి తెలుసుకుని తీరాలి.

తేలనివి

మిగిలిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ముక్కు వైద్యంతో ఊపిరి బాగుపడే రోగిని ముందుగా గుర్తుపట్టే పరీక్ష ఏది? రక్తంలో ఇయోసినోఫిల్ కణాల సంఖ్య, వాసన పోవడం సూచనలుగా పనికొస్తాయని చాలామంది అంటున్నారు, కాని చికిత్స నిర్ణయించేంత బలం ఇంకా రాలేదు. సైనస్ ఆపరేషన్ త్వరగా చేస్తే మేలా, మందులు విఫలమయ్యాక చేస్తే మేలా అన్నదీ నిర్ణయం కాలేదు. కట్టెపొగ, పొగాకు దుమ్ము పీల్చే ముక్కులో జరిగే వాపు పాశ్చాత్య పరీక్షల్లోని పుప్పొడి అలర్జీ వాపు లాంటిదేనా? పొగతో వచ్చే వాపులో న్యూట్రోఫిల్ కణాలు ఎక్కువ, వాటి మీద స్టిరాయిడ్‌కు పట్టు తక్కువ. అందుకే ఐరోపా, అమెరికాల సగటు ఫలితాన్ని బ్యారన్ కూలీ మీద యథాతథంగా రుద్దకూడదు.

ఉప్పునీటితో ముక్కు కడగడం గురించి వాదం లేదు, ముక్కు లక్షణాలు తగ్గుతాయి. జలనేతి పేరుతో మన యోగులు ఎన్నాళ్ళుగానో చేస్తున్నదే ఇది. నీరు మాత్రం మరగబెట్టి చల్లార్చినదై ఉండాలి, పచ్చి బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు వద్దు. అమీబా ఇన్‌ఫెక్షన్ అరుదే, వస్తే ప్రాణాంతకం. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిన కుటుంబం ఇచ్చే చేపమందు మీద నమ్మకంతో రెగ్యులర్ ఇన్‌హేలర్ మానేయడం మాత్రం ఏ పక్షం వైద్యుడూ ఒప్పుకోడు.

పశ్చిమ నెల్లూరులో ఏం చేయాలి?

ఆత్మకూరు నుంచి నెల్లూరు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి సుమారు వంద. ముక్కు ఎండోస్కోపీకి, సైనస్ సీటీకి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, అక్కడి ఇతర ఆసుపత్రులకో పోవలసిన వారు చాలామంది. కాబట్టి ఎవరు పోవాలో, ఎవరికి ఊరి ఆసుపత్రిలోనే పని జరుగుతుందో తేల్చడం ముఖ్యం. అందుకు యంత్రాలు అక్కరలేదు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం అడగగలిగే ప్రశ్నలు చాలు: ముక్కు దిబ్బడ, తుమ్ములు, ముక్కు కారడం వారానికి నాలుగు రోజులకు మించి ఉందా? వాసన తెలుస్తోందా? పనిరోజుల్లో ఎక్కువై సెలవుల్లో తగ్గుతోందా? నొప్పిమాత్ర వేశాక ఆయాసం వచ్చిందా? మొదటిదానికి ఔనంటే స్టిరాయిడ్ ముక్కు స్ప్రే. రెండోదానికి లేదన్నా, నాలుగోదానికి ఔనన్నా చెవి-ముక్కు-గొంతు నిపుణుడి దగ్గరికి పంపాలి. మూడోదానికి ఔనంటే ముందు పనిచోటు మార్పు.

ముక్కు స్ప్రే పూర్తి ఫలితం రెండు మూడు రోజుల్లో కనబడదు, వారాలు పడుతుంది. తల కాస్త వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, దూలం వైపు కాకుండా చెవి వైపుగా కొట్టాలి, లేకపోతే రక్తం పడుతుంది. దుకాణంలో దొరికే జైలోమెటజొలిన్ చుక్కలు వెంటనే ముక్కు తెరుస్తాయి, కాని ఐదు రోజులకు మించి వాడితే ముక్కు వాటికి అలవాటై మరింత మూసుకుంటుంది.

అన్నిటికన్నా మించిన మాట ఇన్‌హేలర్ గురించి. అలవాటైపోతుందన్న భయంతో చాలా ఇళ్ళలో స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఆయాసం తగ్గగానే మానేస్తారు, మళ్ళీ ఎత్తుకుంటే ఆసుపత్రిలో గ్యాస్ పెట్టించుకుంటారు. ఉబ్బసం మరణాల్లో మన దేశం వాటా అంత ఎక్కువగా ఉండడానికి ఇదీ ఒక కారణం. కేవలం సాల్బుటమాల్ మీద నడిచే వైద్యాన్ని ఉబ్బసంపై అంతర్జాతీయ గినా (GINA) మార్గదర్శకాలు 2019 నుంచి వద్దంటున్నాయి. ముక్కుకు వైద్యం చేసినా ఊపిరికి ఇన్‌హేలర్ వాడవలసిందే.

ముక్కు వైద్యం ముక్కు కోసం చేయదగ్గది, పాలిప్స్, పనిలో వచ్చే జబ్బు, ఫంగస్ సైనస్ ఉన్నవారిలో ఊపిరి కోసం కూడా తప్పనిసరి. మిగతా ఉబ్బసం రోగుల్లో అది తోడు మాత్రమే. ఉదయగిరి, ఆత్మకూరు ఆసుపత్రుల్లో ఆయాసంతో వచ్చే ప్రతి మనిషికీ ముక్కు సంగతి అడిగే అలవాటు ఈ ఏడాదే మొదలు కావాలి. డాక్టరు అడగకపోతే, తుమ్ములు, దిబ్బడ, వాసన పోవడం, చేసే పని ఏమిటన్నది రోగులే ముందుగా చెప్పాలి.